సేఠాణి ఏం తిన్నది

రాయచూరు గంజ్ బజారులో రంగాశెట్టి మాటకు ఎదురు నిలిచే ప్రాణులు రెండే ఉండేవి. ఒకటి ఆయన కూతురు స్ఫూర్తి. రెండోది సేఠాణి. సేఠాణి అంటే ఏ షావుకారు భార్యో అనుకునేరు, అది ఆవు. పదేళ్ల కిందట నూనె మిల్లు ఆసామి ఒకడు మొక్కు తీర్చుకోవడానికి దేవుడి పేరున బజారులో వదిలేసిన తెల్లావు. అప్పటి నుంచీ అది ఎవరిదీ కాదు, అందరిదీ. పొద్దున ఎనిమిదింటికి షట్టర్లు లేచే వేళకు ఆ చివర బయలుదేరి, దుకాణం దుకాణం ముందూ నిలబడి, గుప్పెడు గుప్పెడు వసూలు చేసుకుంటూ ఈ చివరకు వచ్చేది. పెట్టకపోతే కదిలేది కాదు, గిరాకీని లోపలికి రానిచ్చేది కాదు. ఆ పేరు ఊరికే రాలేదు.

రంగాశెట్టి కిరాణా దుకాణం వరుసలో ఆఖరుది. ఆయన బెల్లం పొడి గుప్పెడు పెట్టి, దాని నుదురు తాకి, ఆ చేతిని కళ్లకు అద్దుకున్నాకే బేరం మొదలుపెట్టేవాడు. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో తూకం దగ్గర ఆయనను వేలెత్తి చూపినవాళ్లు లేరు. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు, అవసరానికి మించి తెలుసు.

సేఠాణితో గుప్పెడు బెల్లం పెడితే సరిపోయేది. స్ఫూర్తితో అలా కుదిరేది కాదు. ఆ పిల్ల పీయూసీ ముగించి, సీఈటీ ప్రవేశ పరీక్ష రాసి, ఆ ఇంట్లో ఎవరూ కనీవినీ ఎరగని ర్యాంకు తెచ్చింది. రంగాశెట్టి ఆ రోజే లెక్క తేల్చేశాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అని. శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు ఎనిమిదో యూనిట్ కూడా నడవడం మొదలైన రోజులవి. ప్లాంటు కాలనీకి సరుకు వేయడానికి వెళ్లినప్పుడల్లా ఆయన ఆ పొడుగాటి పొగగొట్టాల కింద నిలబడి తలెత్తి చూసేవాడు. లోపల ఒక చల్లటి గది ఉంటుందట, అందులో ఇంజనీర్లు కుర్చీలో కూర్చుని మీటలు నొక్కుతారట. తన కూతురు ఆ కుర్చీలో కూర్చోవాలి, ఆమె మీట నొక్కితే బెంగళూరు వెలగాలి. గంజ్ బజారు కూడా వెలగాలని ఆయన ఆశపడలేదు లెండి. ప్లాంటు పక్కనే ఉన్నా బజారులో రోజుకు నాలుగు గంటలు జనరేటర్ల మోతే.

స్ఫూర్తి మాత్రం బీదర్ పోయి పశువుల డాక్టరు చదువుతానంది.

"ఎందుకే?" అన్నాడు రంగాశెట్టి.

"ఏమో నాయినా, ఇష్టం."

"ఇష్టముంటే మొక్కు. నాలుగు మెతుకులు పెట్టు. దానికి ఐదేండ్ల చదువేంది? పేడల చెయ్యి పెట్టెటందుకా నువ్వు గంత కష్టపడి చదివింది?"

స్ఫూర్తి చిన్నప్పటి నుంచి ఇష్టమని చెప్పేది, ఇష్టం ఎందుకని అడిగితే గోడ వైపు చూసేది. తల్లి ఇందుమతి ఇద్దరికీ మధ్య గిన్నెలు సర్దుతూ, "పిల్లను జర ఆలోచించుకోనియ్యి" అని ఒక మాట అనేది. ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు. మంగళవారం సాయంత్రం ఐదు లోపల ఇంటర్నెట్ సెంటరులో ఏ కోర్సు ముందు, ఏది వెనక అని వరుస పెట్టి పంపాలి. ఆ ర్యాంకుకు పైన ఏది పెడితే అదే వస్తుంది. తండ్రి వద్దన్నది పైన పెట్టే పిల్ల కాదు స్ఫూర్తి. అలాగని తను కోరుకున్నది కింద పెట్టి నవ్వుతూ తిరిగే పిల్లా కాదు. అదే రంగాశెట్టికి గుబులు.

అందుకని ఆయన ఒక ఉపాయం పన్నాడు. పిల్లను మాన్పించడానికి పశువుల డాక్టరునే పట్టాడు.

ఊళ్లో పశువుల ఆస్పత్రి డాక్టరు వీరబాబు. మల్లట్ దగ్గరకు వలస వచ్చి కాలువ కింద వరి పండించుకుంటున్న గోదావరి జిల్లా వాళ్ల బిడ్డ. ఇరవై ఏళ్ల సర్వీసు, ఒక పాత బండి, ఆవు తన్నిన చోట వంకర తిరిగిన ఎడమ చిటికెన వేలు. రంగాశెట్టి ఆయనను దుకాణానికి పిలిచి టీ తెప్పించి, "సార్, మా పిల్ల మీ చదువే కావాలంటున్నది. మీ కష్టాలన్నీ ఉన్నయున్నట్లు చెప్పుండ్రి. నేను చెప్తే నాయిన చాదస్తమంటది, మీరు చెప్తే వింటది" అన్నాడు.

"నిజమే చెప్తానండి. నిజం చెబితే చాలు, ఎవరూ ఇటు రారు" అని నవ్వాడు వీరబాబు.

ర్యాంకు వచ్చిన సంతోషానికి ఆదివారం విందు. ఇంటి పక్క కల్యాణ మంటపంలో రెండు వందల మందికి వంట. పులిహోర, తెల్లన్నం, పప్పు, కూరలు, నెయ్యి కారే బెల్లపు భక్ష్యాలు. రంగాశెట్టి పనిగట్టుకుని వీరబాబును కూతురి పక్కన కూర్చోబెట్టి, తాను వడ్డిస్తున్నట్టు నటిస్తూ చెవి అక్కడే వేశాడు.

మొదట అంతా బాగానే సాగింది. వీరబాబు తన్నులు చెప్పాడు, పొడుపులు చెప్పాడు, వానలో బండి దిగబడిన బురద దారులు చెప్పాడు. తాగొచ్చి కాలర్ పట్టుకున్న రైతును గురించి చెప్పాడు. రంగాశెట్టి ఖుషీగా ఇంకో భక్ష్యం వేశాడు.

"మరి మీరెందుకు వచ్చిన్రు సార్?" అంది స్ఫూర్తి.

"నేనెక్కడొచ్చానమ్మా, నన్ను తోశారు. ఎంబీబీఎస్ నాలుగు మార్కుల్లో పోయింది. మొదటి ఏడాదంతా ఏడుస్తూనే చదివాను. నా మొదటి పోస్టింగు అరకేర. అక్కడొక గేదె. దూడ అడ్డం తిరిగింది. ఇంటివాళ్లు ఆశ వదిలేసుకున్నారు. భుజం దాకా చెయ్యి పెట్టాను. లోపల చీకటి కదమ్మా, కన్ను పనిచెయ్యదు, వేళ్లతోనే చూడాలి. ఇది ముందు కాలా, వెనక కాలా? ఇది మోకాలా, మడమా? ఒక్కొక్కటే తడిమి, వెనక్కి నెట్టి, తిప్పి..." వీరబాబు ఎంగిలి చెయ్యి గాలిలో తిరుగుతోంది. విస్తరిలో పులిహోర చల్లారిపోయింది. కళ్లు మెరుస్తున్నాయి. "గంటన్నర పట్టింది. కింద పడ్డాక తుమ్మిందమ్మా దూడ!"

స్ఫూర్తి తినడం మానేసి వింటోంది. రంగాశెట్టి భక్ష్యాల పళ్లెం పట్టుకుని వాళ్ల వెనక నిలబడి పళ్లు కొరుక్కున్నాడు. మాన్పించమని తెచ్చుకున్న మనిషి తనే ప్రచారానికి దిగితే ఎవరికి చెప్పుకుంటాడు?

దానికి తోడు సరిగ్గా పన్నెండింటికి వాన పట్టుకుంది. పిలిచినవాళ్లలో సగం మంది రాలేదు. మూడు గంటలకు లెక్క చూస్తే ఒక గంగాళం పులిహోర, ఒక గంగాళం తెల్లన్నం, గంపెడు భక్ష్యాలు మిగిలిపోయాయి. అన్నం పారబోయడం ఆ ఇంట్లో లేదు.

వాన వెలిసింది. మంటపం గుమ్మంలో సేఠాణి నిలబడి ఉంది.

రంగాశెట్టి మనసు ఒక్కసారిగా తేలికపడింది. "కిష్టప్పా, గంగాళాలు ఇటు తే. సేఠాణి కడుపు నిండితే అదే మా పిల్లకు దీవెన" అన్నాడు. దుకాణంలో ఇరవై ఏళ్లుగా మూటలు మోస్తున్న కిష్టప్ప రెండు గంగాళాలూ ఈడ్చుకొచ్చి దాని ముందు పెట్టాడు. భక్ష్యాలు మాత్రం రంగాశెట్టి తన చేత్తోనే తినిపించాడు, ఒక్కొక్కటీ మడిచి, చివరిదాకా. సేఠాణి వద్దనలేదు. ఆవులకు వద్దనడం రాదు. ఖాళీ గంగాళం అడుగు అది నాకుతుంటే ఆ చప్పుడుకు రంగాశెట్టికి కళ్లు చెమర్చాయి. నిజం చెప్పాలంటే ఆ ఆదివారం మొత్తంలో ఆయన మనస్ఫూర్తిగా సంతోషించింది ఆ అరగంటే.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి సేఠాణి వసూలుకు బయలుదేరలేదు. రంగాశెట్టి దుకాణం మెట్ల దగ్గరే పడుకుని ఉంది. ఎడమ డొక్క పొంగి ఉంది, నెమరు లేదు, పళ్లు కొరుకుతోంది. బెల్లం పెడితే మొహం తిప్పుకుంది.

పావుగంటలో బజారంతా అక్కడ మూగింది. ఇంకో పావుగంటలో వీరబాబు బండి వచ్చింది. ఆయన కూర్చుని డొక్క నొక్కి చూశాడు, కనురెప్ప తీసి చూశాడు, తలెత్తి అడిగిన మొదటి మాట ఒకటే.

"ఏం తిన్నదండీ?"

రంగాశెట్టికి ఆ క్షణంలోనే అర్థమైంది. చుట్టూ చూశాడు. ముప్ఫై ఏళ్లుగా తనను చూసి చేతులెత్తి దండం పెట్టే మనుషులు. ఆవు పోతే, శెట్టి చేతి మీదుగా పోయిందని తెలిస్తే? గోహత్య అన్న మాట తలలో మోగింది. ఆ మోతకు నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఏముంది సార్, ఎప్పటి లెక్కనే. గుప్పెడు గుప్పెడు."

"నిన్న మీ విందు కదా?"

"ఇస్తరాకుల అంచున మిగిలినయి ఏవో నాలుగు మెతుకులు. గంతే." ఆగి, తనే ఇంకో మాట జోడించాడు. "ప్లాస్టిక్ కవర్లు తిన్నదేమో సార్. ఈ కూరగాయలోళ్లు యాడవడితె ఆడ పారేస్తరు."

అందరి చూపూ ఎదురుగా కూరగాయల బండి పెట్టుకునే బసన్న మీదకు పోయింది. "ఔను, వీడే!" అన్నారెవరో. "చెత్తంతా కవర్లల్ల కట్టి ఆడనే ఏస్తడు!" బసన్న మొహం పాలిపోయింది. "నేను ఎయ్యనప్పా, దేవుని ఆన" అంటూ బండి కింద ఉన్న కవర్లు గబగబా ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఏరుకోవడమే తప్పు ఒప్పుకున్నట్టయింది.

వీరబాబు మళ్లీ డొక్క నొక్కాడు. ప్లాస్టిక్ అయితే ఇంత హఠాత్తుగా రాదే అని గొణుక్కున్నాడు. రంగాశెట్టి వైపు చూశాడు. రోజూ ఆవు నుదురు తాకి కళ్లకద్దుకునే మనిషి ఆవు విషయంలో అబద్ధం చెబుతాడని ఏ డాక్టరు మాత్రం అనుకుంటాడు? కడుపులో కవర్లు అడ్డం పడ్డదానికి ఇచ్చే నూనె మందు తాగించి, సూది వేసి, "సాయంత్రం వచ్చి చూస్తాను, మట్మారిలో గాలికుంటు టీకాలున్నాయి" అని వెళ్లిపోయాడు.

ఆ పగలంతా రంగాశెట్టి పప్పు తూస్తూ మెట్ల వైపే చూశాడు. జనం వస్తున్నారు. పసుపు చల్లుతున్నారు, కుంకుమ పెడుతున్నారు, తోక తాకి మొక్కి పోతున్నారు. స్ఫూర్తి ఒక్కతే మొక్కలేదు. మెట్టు మీద చున్నీ బిగించి కూర్చుని దాన్ని చూస్తోంది. ఊపిరి లెక్కపెడుతోంది. ముక్కు తడిగా ఉందో ఆరిందో వేలితో చూస్తోంది. దగ్గరకు వచ్చినవాళ్లను పక్కకు జరగమంటోంది.

కిష్టప్ప బియ్యం బస్తా దించి గల్లా దగ్గరకు వచ్చాడు. "షావుకారీ, చెప్దామా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీ పని చూస్కో."

కిష్టప్ప తన పని చూసుకున్నాడు. రంగాశెట్టి మాత్రం ఆ రోజు ఒక గిరాకీకి కందిపప్పు అడిగితే శనగపప్పు కట్టించాడు.

రెండున్నరకు స్ఫూర్తి లోపలికి వచ్చింది. చేతిలో ఒక దినపత్రిక కాగితం, దాని మీద పల్చటి పేడ. పులిసిన వాసన దుకాణమంతా నిండింది. ఆ కాగితాన్ని తండ్రి కళ్ల ముందు, తక్కెడ పక్కన పెట్టింది.

"చీ, ఏందే ఇది!"

"చూడు నాయినా."

చూశాడు. పచ్చటి నీళ్లలో మెతుకులు. కొన్నిటికి ఇంకా పసుపు రంగు పోలేదు. వాటి మధ్య రెండు వేరుశనగ పలుకులు, విరగకుండా.

"నిన్న బజార్ల పులిహోర మనింట్ల తప్ప యాడ చెయ్యలే," అంది స్ఫూర్తి. గొంతు పెంచలేదు. "ఎంత పెట్టిన్రు?"

"నాలుగు మెతుకులే..."

"నాయినా."

ఆమె కళ్లలో కోపం ఉంటే ఆయన కూడా కోపం తెచ్చుకుని గట్టెక్కేవాడు. కోపం లేదు. బయట ఆవు అవసరం ఒక్కటే ఉంది ఆ కళ్లలో. రంగాశెట్టి గోనెసంచి మీద కూలబడ్డాడు.

"రెండు గంగాళాలు," అన్నాడు. "గంపెడు భక్ష్యాలు. నా చేతుల తోటే పెట్టిన."

స్ఫూర్తి ఆయన ఫోను తీసి నంబరు నొక్కి, మోగుతున్న ఫోను ఆయన చేతిలోనే పెట్టింది. "నువ్వే చెప్పు. ఒక్క మెతుకు తక్కువ చెప్పకు."

ఆయన చెప్పాడు. అవతల మట్మారి దూడలు అరుస్తున్న చప్పుడు మాత్రం వచ్చింది.

"పొద్దున్నే చెప్పకూడదుటండీ," అన్నాడు చివరకు వీరబాబు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది రంగాశెట్టికి. "నేను బయలుదేరుతున్నాను. మీ దుకాణంలో వంటసోడా ఎంతుంది?"

"ఎంత కావాలంటె అంత సార్."

"కిలో తీసి పెట్టండి. రెండు బకెట్ల గోరువెచ్చటి నీళ్లు. అమ్మాయిని ఫోను దగ్గర ఉండమనండి."

నాలుగింటికి ముందే ఆయన వచ్చేశాడు. దుకాణం షట్టరు కొక్కేనికి సెలైన్ సీసాలు వేలాడదీశారు. నోట్లోంచి పొడుగాటి రబ్బరు గొట్టం కడుపులోకి దించారు. కిష్టప్ప కొమ్ములు పట్టుకున్నాడు, రంగాశెట్టి మెడ పట్టుకున్నాడు. గొట్టం చివర ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో వీరబాబు చెబుతుంటే స్ఫూర్తి ఎత్తింది, దించింది. దించినప్పుడల్లా పులిసిన తెల్లటి నీళ్లు ఆమె బట్టల మీదంతా చిమ్మాయి. ఆ పిల్ల కనీసం మొహం తుడుచుకోలేదు.

పని ఆపకుండానే వీరబాబు ఆమెకు చెప్పాడు. "గడ్డి అరిగించుకునే కడుపమ్మా ఇది. మెల్లగా అరిగిస్తుంది. ఇంత అన్నం, ఇంత బెల్లం ఒక్కసారి పడితే దోసెల పిండి పులిసినట్టు పులుస్తుంది. ఆ పులుపు నెత్తుట్లోకి ఎక్కుతుంది. జబ్బు కనబడ్డ మొదటి కొన్ని గంటల్లో అయితే సోడాతో విరగ్గొట్టొచ్చు, కాదంటే కోసి తీసేయొచ్చు. పొద్దున నేను పోయించిన నూనె దీనికి మందే కాదు." రంగాశెట్టి చేతుల్లో ఆవు మెడ అంతకంతకూ బరువెక్కుతోంది. ఆయన మెడ వదల్లేదు, తల కూడా ఎత్తలేదు.

చీకటి పడేవరకూ చేయాల్సిందంతా చేశారు. మంగళవారం తెల్లవారేసరికి సేఠాణి పోయింది.

ఎనిమిదింటికి షట్టర్లు లేవలేదు. బజారంతా దండలు తెచ్చింది, పట్టుబట్ట కప్పింది, బ్యాండు మాట్లాడింది. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది జనానికి. కోపానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. "ఆ బసన్నను ఈ బజార్ల బండి పెట్టనియ్యొద్దు!" అని ఒకడన్నాడు. ఇద్దరు పోయి ఆ బండి చక్రం పట్టుకున్నారు. టమాటాలు దొర్లి మోరీలో పడ్డాయి. బసన్న అడ్డుపడలేదు. వంగి ఒక్కో టమాటా తీసి చొక్కాకు తుడుచుకుంటున్నాడు.

వీరబాబు ఒక పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనకు అంతా తెలుసు. ఒక్క మాట అంటే చాలు. ఆయన రంగాశెట్టి వైపు చూసి, మళ్లీ చూపు దించుకున్నాడు. చెప్పదలచుకోలేదు. ఆ మర్యాద రంగాశెట్టికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"బండి ఇడువుండ్రి," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మెట్టు మీదకెక్కి మళ్లీ అన్నాడు. "బండి ఇడువుండ్రి! బసన్నది ఏం తప్పు లేదు. నేనే పెట్టి సంపిన. విందుల మిగిలిన రెండు గంగాళాల అన్నం, గంపెడు భక్ష్యాలు. డాక్టర్ సాబ్ అడిగిండు, నా ఇజ్జత్ పోతదని అబద్ధం చెప్పిన."

బ్యాండు వాళ్లు కూడా ఆగిపోయారు. కాసేపటికి బట్టల దుకాణం దొడ్డప్ప ముందుకొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ప్రేమతోనే పెడ్తివి గద సెట్టీ, పాపమేముంది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. మేమైనా అంతే పెట్టేవాళ్లమన్నారు. బజారు ఆయనను అంత సులువుగా క్షమించేసింది. బసన్న ఒక్కడే క్షమించలేదు. "ఒక దినమంత నన్ను దొంగను చేస్తివి గద," అన్నాడు, టమాటాలు బండి మీద సర్దుకుంటూ. ఆ మాట న్యాయమైనది. రంగాశెట్టి చేతులు జోడించాడు. బసన్న ఆ చేతుల వైపు చూడలేదు.

ఊరి బయట ఉప్పు పోసి పూడ్చాక, చేతులు కడుక్కుంటున్న వీరబాబు దగ్గరకు స్ఫూర్తి వచ్చింది. రంగాశెట్టి రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"సార్, నిన్న పొద్దున ఎనిమిదిన్నరకే మీకు తెలిసుంటే?"

వీరబాబు రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు, ఒక్కొక్కటే, చాలాసేపు. "చెప్పలేమమ్మా. ఒక్కోసారి..."

"బతికేది," అన్నాడు రంగాశెట్టి.

ఇద్దరూ ఇటు తిరిగారు.

"బతికేదమ్మా. ఆయన నన్ను జూసి చెప్తలేడు. నేను అప్పుడే చెప్పి ఉంటె బతికేది."

స్ఫూర్తి తల ఊపింది. ఓదార్పు మాట ఏదైనా అంటుందేమోనని రంగాశెట్టి ఎదురు చూశాడు. ఆమె అనలేదు. అబద్ధంతో ఓదార్చే రకం కాదు ఆ పిల్ల.

సాయంత్రం నాలుగింటికి తండ్రీ కూతుళ్లు ఇంటర్నెట్ సెంటరుకు పోయారు. కరెంటు లేదు. జనరేటరు అందుకునేదాకా ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. రంగాశెట్టి పొద్దుటి నుంచీ నోట్లో నానుతున్న మాట అడిగేశాడు.

"సచ్చుడు గూడ చూస్తివి. బట్టలన్ని గలీజు చేస్కుంటివి. గంత చేసినంక గూడ అది దక్కలే. ఇంకా ఆ చదువే కావాల్నా? నా మీద కోపం తోటి అంటున్నవా?"

స్ఫూర్తి గోడ వైపు చూసింది. ఈసారి జవాబు దొరికినట్టుంది, తండ్రి వైపు తిరిగింది.

"కోపం లేదు నాయినా. నువ్వు దానికి చెడు కావాలని పెట్టలేదు. చెడు కావాలని అబద్ధం చెప్పలేదు. నీ అంత దాన్ని ప్రేమించినోడు బజార్ల లేడు." కొంచెం ఆగింది. "రేపు అరకేరలనో యాడనో, నీ లెక్కనే మంచోడు ఇంకొకడు నా మొకం మీద ఏం తినలేదంటడు. గొడ్డు నోరిడ్సి చెప్పలేదు. ఆయన చెప్పకున్నా నాకు తెల్వాలె. జల్ది తెల్వాలె. అంతే."

రంగాశెట్టికి కన్నీళ్లు ఆగలేదు. కూతురు క్షమించినందుకు వచ్చిన కన్నీళ్లు కావవి. తనలాంటి మంచివాళ్ల మాట మీద ఆధారపడకుండా ఉండడం నేర్చుకోవడానికి ఆ పిల్ల ఐదేళ్లు ఇల్లు విడిచి పోతానంటోంది. ఆ చదువు అవసరమేనని ఆ ఊళ్లో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

జనరేటరు అందుకుంది. తెర వెలిగింది. స్ఫూర్తి వేలు మీట మీద పెట్టి తండ్రి వైపు చూసింది.

"పైన పెట్టమ్మా," అన్నాడు కండువాతో కళ్లు ఒత్తుకుంటూ.

పెట్టింది. కింద ఖాళీ గడి మెరుస్తోంది.

"రెండోది ఎలక్ట్రికల్ పెడ్దునా నాయినా?"

రంగాశెట్టి ఆ గడి వైపు చూశాడు.

"రెండోది వద్దు బిడ్డా," అన్నాడు.